ఆకాశమున కొలువు

విమానమునందు ప్రయాణికులకు పరిచర్య చేయు స్త్రీపురుషుల యుద్యోగ చరిత్రమును గూర్చి నేడు కొంత చెప్పదలచితిని. పల్లెలలోని పెద్దలకు ఈ విషయమేల యని పూర్వమైనచో ఎవరైన అడిగియుందురు; ఇప్పుడు అడుగరు. కువైటుకో, దుబాయికో, అమెరికాకో బిడ్డలు వెళ్లని యూరు మన జిల్లాలలో వెదకినను దొరకుట కష్టము. విమానమెక్కి మనుమలను చూచి వచ్చిన అవ్వలు ప్రతి వీధిలోను ఉన్నారు. ఇంటరు ముగించిన ఆడపిల్ల “నేను విమానములో ఉద్యోగమునకు పోదును” అని చెప్పుటయు, ఇంటివారు ఒకరి మొగము నొకరు చూచుకొనుటయు నేను రెండు మూడిండ్లలో కన్నులార చూచితిని. “కాఫీ గిన్నెలు అందించుటకు ఇంత చదువెందుకయ్యా?” అని ఒక తాతగారు నన్నే నిలదీసిరి. ఆయన ప్రశ్నలో తప్పు లేదు. ప్రయాణికునకు కనబడు పని అంతమాత్రమే.

అయినను 2020 మొదలు 2023 వరకు జరిగినది చూడుడు. ఈ వృత్తివారిని లోకము వేలకొలదిగా ఇంటికి పంపివేసినది. మూడేండ్లు నిండకమునుపే పత్రికలలో ప్రకటనలిచ్చి, ఊరూర పరీక్షలు పెట్టి, మరల పిలిచినది. పిలిచినప్పుడు వెంటనే దొరకలేదు. కాఫీ అందించుటయే పనియైనచో ఇంత చిక్కు కలుగవలసిన పని లేదుగదా. ఆ చిక్కు తెలియుటకు మొదటికి పోవలెను.

మొట్టమొదట ఈ పని చేసినవాడు పురుషుడు. హైన్రిఖ్ కూబిస్ అను జర్మనీ దేశస్థుడు 1912లో జెప్పెలిన్ వాయునౌకలో కుదిరెను. వాయునౌక యనగా మనమెరిగిన రెక్కల విమానము కాదు. తేలిక వాయువు నింపిన మహాకాయమగు తిత్తికి గదులమర్చినట్టుండెడిది. కూబిస్ పెద్ద హోటళ్లలో పని నేర్చినవాడు. పావు శతాబ్దము గడచిన పిమ్మట, 1937 మే 6వ తేదీన, అమెరికాలోని లేక్‌హర్స్టు వద్ద హిండెన్‌బర్గు అను వాయునౌక దిగుచు దిగుచు మంటలంటుకొని కూలినది. ఆనాడు అతడు అందులోనే యుండెను. భోజనశాల కిటికీల యొద్ద నిలిచి, నౌక నేలకు దగ్గర పడువరకు ఆగి, ప్రయాణికులను దూకుడని కేకవేసి, తానును దూకి బ్రతికెను. పళ్లెములందించువానిగా పాతికేండ్లు బ్రతికినవానికి అసలు పని ఆ అరనిమిషములో వచ్చినది.

స్త్రీలు ఈ కొలువునకు వచ్చిన కథ మరియు చిత్రమైనది. అమెరికాలో అయోవా రాష్ట్రమున క్రెస్కో అను చిన్న పట్టణమున్నది. ఆ దాపున ఒక రైతు కుటుంబమున పుట్టిన ఎలెన్ చర్చి అను యువతి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆసుపత్రి నర్సుగా నుండి, తీరికవేళల విమానము నడపుట నేర్చుకొనెను. బోయింగ్ ఎయిర్ ట్రాన్స్‌పోర్టు కంపెనీకి పోయి తనను విమానచోదకురాలిగా తీసికొనుడని యడిగెను. ఆ కాలమున ఆడుదానికి ఆ పని ఎవరిత్తురు? లేదనిరి. ఆమె అంతటితో మరలిపోక, అక్కడి మేనేజరు స్టీవ్ స్టింప్సనుతో వేరొక యాలోచన చెప్పెను. ఆనాడు జనమునకు విమానమన్న భయము. విమానములు తక్కువ యెత్తున, గాలికి ఊగుచు పోయెడివి. ఎక్కినవారికి కడుపులో త్రిప్పి వాంతులగుచుండెడివి. నర్సు తోడుండినచో రోగమునకు ఉపచారము జరుగును. ఒక ఆడపిల్ల ప్రతిదినము నిర్భయముగా ఎగురుచుండగా మగవాడు భయపడుచున్నానని చెప్పుకొనుటకు సిగ్గుపడును. ఇదియే ఆమె వాదము. కంపెనీవారు మూడు నెలల పరీక్షకు ఒప్పుకొని ఎనమండుగురు నర్సులను తీసికొనిరి.

1930 మే 15వ తేదీన ఎలెన్ చర్చి మొదటిసారి ఆ కొలువులో ఎగిరెను. శాన్‌ఫ్రాన్సిస్కో దాపునుండి షికాగో నగరమునకు ఇరువది గంటల ప్రయాణము, నడుమ పదమూడు చోట్ల దిగవలెను, ప్రయాణికులు పదునలుగురు. కంపెనీ పెట్టిన నియమములు వినుడు: వయస్సు ఇరువదియైదు దాటరాదు, పెండ్లి కాకయుండవలెను, ఎత్తు అయిదడుగుల నాలుగంగుళములు మించరాదు, బరువు 115 పౌనులు, అనగా మన తూకమున 52 కిలోలు, దాటరాదు. జీతము నెలకు 125 డాలర్లు. పనియో? సామానులు మోయుట, కుర్చీల మరలు బిగియున్నవో లేవో చూచుట, చమురు పోయుటలో చేయి కలుపుట, వాతావరణము చెడి విమానము నడుమ దిగిపోయినచో ప్రయాణికులకు రైలు చూపుటకై రైళ్ల కాలపట్టిక దగ్గర నుంచుకొనుట. పరీక్ష నెగ్గినది, తక్కిన కంపెనీలును ఆ దారినే పట్టినవి.

ఈ యుద్యోగమునకు మూలము భయమును, రోగమును అని నా తలంపు. వడ్డన తరువాత వచ్చి పైన చేరినది. రెండవ ప్రపంచయుద్ధమున నర్సులందరిని సైన్యము పిలుచుకొనగా కంపెనీలు నర్సు చదువుండవలెనను నియమమును వదలుకొన్నవి. ఎలెన్ చర్చియు సైన్యములో చేరి, గాయపడిన సైనికులను విమానములలో తరలించు పని చేసి పతకము పొందెను. క్రెస్కోలోని విమానాశ్రయమునకు ఆమె పేరే పెట్టిరి.

నర్సు చదువు పోయినది గాని పెండ్లి నియమము, వయస్సు నియమము, తూకపు నియమము పోలేదు. వాని వెనుకనుండిన కారణము పోయి, అలంకారము మాత్రము మిగిలినది. యుద్ధానంతరము కంపెనీలు ఈ యువతుల బొమ్మలు చూపి టిక్కెట్లు అమ్ముకొనసాగినవి. కొన్ని అమెరికా కంపెనీలు 32వ యేట ఇంటికి పొమ్మనెడివి. 1945లోనే ఏడా బ్రౌన్ అను ఉద్యోగిని తోడివారిని కూడగట్టి సంఘము స్థాపించెను. 1964లో పౌరహక్కుల చట్టము వచ్చిన పిమ్మట న్యాయస్థానములలో పోరాడి ఒక్కొక్క నియమమును ఊడగొట్టిరి. ఆ పోరాటము పొడుగైనది, ఇక్కడ విడిచెదను.

మన దేశమునకు వత్తము. హైదరాబాదు బేగంపేటనుండి దక్కన్ ఎయిర్‌వేస్ అను కంపెనీ నడచినది మీలో వయస్సు మళ్లినవారు వినియుందురు. నైజాము ప్రభుత్వపు రైల్వేయు, టాటావారును కలసి 1945లో దానిని స్థాపించిరి. 1953లో కేంద్రప్రభుత్వము దానితోపాటు ఎనిమిది కంపెనీలను కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌గా చేసినది. విదేశములకు పోవు విమానములు ఎయిరిండియా యధీనమున నుండినవి. ఎయిరిండియా నియమావళిలో నలువదియారవ నియమమొకటి యుండెను. దాని ప్రకారము విమాన పరిచారిక 35వ యేట విరమింపవలెను. చేరిన నాలుగేండ్లలోపల పెండ్లాడినచో అప్పుడే పోవలెను. తొలిచూలు నిలిచినచో అప్పుడే పోవలెను. వీనిలో ఏది ముందుగా వచ్చినచో అదే గడువు. మేనేజింగు డైరెక్టరునకు దయ కలిగినచో ఏడాది కేడాదిగా 45 వరకు పొడిగింపవచ్చును. అదే విమానములో, ఇంచుమించు అదే పని చేయు పురుషునకు మాత్రము 58 యేండ్లవరకు కొలువు.

నర్గేష్ మీర్జా మొదలగు పరిచారికలు దీనిపై న్యాయస్థానమున కెక్కిరి. 1981 ఆగస్టు 28వ తేదీన సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. గర్భవతి యైనంత మాత్రమున ఉద్యోగము తీసివేయు నియమమును, అది క్రూరము, రాజ్యాంగ విరుద్ధము అని కొట్టివేసినది. మేనేజింగు డైరెక్టరు చిత్తమువచ్చినట్లు పొడిగించు అధికారమును కూడ కొట్టివేసినది. కాని మొదటి నాలుగేండ్లు పెండ్లి కూడదను నియమమును నిలిపినది. స్త్రీలకు, పురుషులకు వేరువేరు గడువులుండుటయు చెల్లునన్నది. సగము గెలుపు అనవలెను. పిమ్మట కాలక్రమమున వయస్సు హద్దు పెరిగినది. కోర్టుకెక్కిన ఆ స్త్రీలవలననే నేటి పిల్ల పెండ్లి చేసికొని, బిడ్డను కని, మరల కొలువునకు పోగలుగుచున్నది. ఈ సంగతి పెండ్లి మాటలప్పుడు వరుని తరపువారికి చెప్పదగినది.

ఇక తాతగారి ప్రశ్నకు వచ్చెదను. విమానములో ఎందరు పరిచారకులుండవలెనో కంపెనీ యిష్టము కాదు, చట్టము చెప్పును. సామాన్యముగా ప్రతి 50 ఆసనములకు ఒక్కరు తక్కువ కాకుండ నుండవలెను. 180 ఆసనముల విమానమునకు నలుగురు. వారిలో ఒక్కరు తక్కువైనను, చోదకులు సిద్ధముగా నున్నను, ఆ నిండు విమానము లేవరాదు. ఏలన, పెద్ద విమానమును నిర్మించినవారు, ద్వారములలో సగము మూసియుంచి కూడ, జనమునంతటిని 90 సెకండ్లలో బయటికి దింపవచ్చునని పరీక్ష చేసి చూపవలెను. ఆ ద్వారములు తెరచి, ఏ ప్రక్క మంటయున్నదో చూచి, మూటలు వదలి రండని గర్జించి జనమును త్రోయువారు వీరే. మంటలార్పుట, ఊపిరాడనివానికి ప్రాణవాయువందించుట, ప్రసవవేదన పడు స్త్రీకి తోడగుట, నీటిపై దిగినచో తెప్ప విప్పుట: ఇవన్నియు నేర్చి, పరీక్ష నెగ్గి, వైద్యునిచే ఆరోగ్యపత్రము పొందినపిమ్మటనే ఎగురనిత్తురు. ఏటేట ఆ పరీక్షలు మరల నుండును.

1986 సెప్టెంబరు 5వ తేదీన కరాచీలో పాన్ అమెరికన్ కంపెనీ విమానమును సాయుధులు చేజిక్కించుకొనిరి. అందులో పెద్ద పరిచారికయైన నీర్జా భానోత్ చోదకులకు హెచ్చరిక పంపగా వారు పైద్వారమున తప్పించుకొనిరి, విమానము ఎగురలేకపోయినది. పదునేడు గంటల పిమ్మట కాల్పులు మొదలుకాగా ఆమె అత్యవసర ద్వారము తెరచి జనమును దింపుచు గుండుదెబ్బ తిని మరణించెను. రెండు దినములాగినచో ఆమెకు ఇరువదిమూడేండ్లు నిండియుండును. మన ప్రభుత్వము అశోకచక్రమిచ్చి గౌరవించినది. ఆ కంపెనీ మాత్రము 1991లో మూతపడినది.

ఇట్టి వృత్తిమీదికి 2020లో కరోనా వచ్చి పడినది. 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చి మన దేశమున కోటికి మించి జనము చనిపోయినప్పుడు అది ఓడలలో వచ్చి రైళ్లలో ప్రాకినది. ఈ సారి విమానములోనే వచ్చినది; కావున మొదట ఆగినది విమానమే. మన దేశమున 2020 మార్చి 23 మొదలు విదేశ విమానములును, 25 మొదలు స్వదేశ విమానములును నిలిచినవి. స్వదేశ విమానములు మే 25న కొద్దికొద్దిగా మొదలైనవి. ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కనాడు ఆలస్యముగా 26న. విదేశములకు క్రమము తప్పని విమానములు మరల నడచుటకు 2022 మార్చి 27 వరకు, అనగా రెండేండ్లు, పట్టినది. 2019లో మన దేశములోపల 14 కోట్ల 40 లక్షలమంది విమానమెక్కియుండగా 2020లో 6 కోట్ల 30 లక్షలే ఎక్కిరి.

జనము లేనప్పుడు జీతమెవరిత్తురు? ఇండిగో కంపెనీ 2020 జూలైలో పదింట ఒకరిని తీసివేసినది. ఎయిరిండియా జీతము లేని సెలవు పద్ధతి పెట్టినది. అది అయిదేండ్లవరకు సాగవచ్చును. దుబాయిలోని ఎమిరేట్సు సంస్థ ఒక్క సంవత్సరములో మూడింట ఒక వంతునకు దగ్గరగా, నూటికి 31 మంది, ఉద్యోగులను తగ్గించుకొన్నది. అమెరికా ప్రభుత్వము మాత్రము మార్చి నెలలోనే చట్టము చేసి, సెప్టెంబరు ముగియువరకు ఎవరిని తీయవద్దని షరతు పెట్టి, జీతముల నిమిత్తము కంపెనీలకు ధనమిచ్చినది. గడువు తీరిన మరునాడే, అక్టోబరు 1వ తేదీన, రెండు పెద్ద కంపెనీలు 32 వేలమందిని ప్రక్కన పెట్టినవి. డిసెంబరులో మరల ధనమిచ్చు చట్టము రాగా పిలుచుకొన్నవి. ధర్మమో స్వార్థమో గాని, మనిషిని పేరుపట్టీలో నిలిపియుంచుట తెలివైన పనియని తరువాత తేలినది.

స్వీడను దేశమున జరిగినది నాకు మిక్కిలి నచ్చినది. అక్కడి ప్రధాన విమాన కంపెనీ తన వారిలో నూటికి 90 మందిని తాత్కాలికముగా నిలిపివేయగా, స్టాక్‌హోములోని ఒక వైద్య విద్యాలయము ఆ పరిచారికలకు మూడు దినముల శిక్షణ యిచ్చి ఆసుపత్రులకు సహాయకులుగా పంపినది. ప్రథమచికిత్స తెలిసినవారు, కంగారుపడు జనమును ఓదార్చుట తెలిసినవారు. మూడు దినములే చాలినవి. నర్సులనుండి మొదలైన వృత్తి తొంబదియేండ్లకు మరల రోగి పడక ప్రక్కకు పోయినది.

మన దేశమున వారికి వేరొక సేవ పడినది. 2020 మే 7వ తేదీనుండి వందేభారత్ పేరిట విదేశములలో చిక్కుకొన్నవారిని తెచ్చుట మొదలైనది. ఆ మొదటివారములోనే కువైటునుండి హైదరాబాదునకు విమానము వచ్చినది. పని పోయినవారు, గర్భిణులు, ముసలివారు అందులో వచ్చిరి. వారిమధ్య పరిచారకులు తలనుండి పాదములవరకు తొడుగులు కప్పుకొని నిలిచిరి. ఆగస్టు 7వ తేదీన దుబాయినుండి 190 మందితో వచ్చిన అట్టి విమానమొకటి కోళిక్కోడులో వానలో దిగుచు, కొండమీది దారి దాటి లోయలో పడి విరిగినది. చోదకులిద్దరును, ప్రయాణికులు పందొమ్మిదిమందియు మరణించిరి. నలుగురు పరిచారకులు బ్రతికిరి. ఇంటికి తిరిగివచ్చిన మన గల్ఫు బిడ్డలలో ఎందరు తమను తెచ్చినవారి మొగములు చూచిరి? ముసుగులుండెను, చూచుటకు వీలు లేకుండెను.

తరువాత జనము వచ్చినది. ఎవరును అనుకొననంత త్వరగా వచ్చినది. స్వదేశ ప్రయాణికులు 2022లో 12 కోట్ల 30 లక్షలైరి. 2023లో 15 కోట్ల 20 లక్షలై వెనుకటి లెక్కను దాటిపోయిరి. మూలబడిన విమానమును కడిగి, మరలు చూచి, కొన్ని దినములలో లేపవచ్చును. తీసివేసిన మనిషిని అట్లు లేపుట సాధ్యము కాదు. కొందరు బ్యాంకులలో చేరిరి, కొందరు బడి పెట్టుకొనిరి, కొందరు పెండ్లియై దూరమైరి. మరలి వచ్చినవారు కూడ చాలకాలము ఎగురకయుండుటచేత శిక్షణ మరల పొందవలెను. క్రొత్తవారికి ఎయిరిండియాలో పదునైదు వారముల శిక్షణ. ఒక విమానము పగలు రాత్రి తిరుగును గాని మనిషికి విశ్రాంతి గంటలు చట్టమున నిర్ణయింపబడియున్నవి. కావున ఒక్కొక్క విమానమునకు పలు జట్లు కావలెను. పంట కోతకు వచ్చినప్పుడు కూలీలకై పరుగెత్తు రైతు గతి కంపెనీలకు పట్టినది.

ఎమిరేట్సు 2021 సెప్టెంబరులోనే మూడువేలమంది పరిచారకులు కావలెనని చాటినది. ఎయిరిండియా 2022 జనవరి 27న టాటావారి చేతికి మరల వచ్చి, ఆ వేసవినుండి మనుష్యులను తీసికొన మొదలిడినది. అప్పుడొక తమాషా జరిగినది. 2022 జూలై 2వ తేదీన ఇండిగో విమానములలో సగమునకు మించి ఆలస్యముగా నడచినవి. పరిచారకులలో చాలమంది ఒక్కసారిగా జబ్బుచేసినదని సెలవు పెట్టిరి. ఆనాడు ఎయిరిండియావారి యుద్యోగ పరీక్షలు జరుగుచున్నవని పత్రికలు వ్రాసినవి. రెండేండ్లక్రితము జీతములు కోసినప్పుడు మారుమాటాడనివారి జబ్బిది. నేను నవ్వుకొంటిని గాని తప్పుపట్టలేదు. 2023 ఫిబ్రవరిలో ఎయిరిండియా 470 విమానములకు ఆర్డరు పెట్టి, ఆ యేట 4,200 మంది పరిచారకులను తీసికొందుమని ప్రకటించినది.

ఈ ప్రకటనల వెనుకనే దొంగలును వచ్చిరి. పరీక్షకు ఇంత, యూనిఫారమునకు ఇంత, డిపాజిటు ఇంత యని ఫోనులో అడిగి తండ్రుల పొలముల మీది అప్పులు మ్రింగిరి. ఉద్యోగమిచ్చుటకు తాము ఎవరియొద్ద పైసా తీసికొనమని పెద్ద కంపెనీలు తమంతట తామే ప్రకటించియున్నవి. పట్టణములలోని శిక్షణాలయముల సంగతి వేరు. అవి ఇంగ్లీషు మాటలు, నిలుచు తీరు నేర్పవచ్చును. కాని విమానమెక్కించు శిక్షణ కంపెనీ తానే యిచ్చును. శిక్షణాలయపు పట్టా చూచి కొలువు ఇచ్చుటయన్నది లేదు.

మరియొక సంగతి. ఒక ప్రక్క వేలమందిని పిలుచుచుండగానే గో ఫస్ట్ అను కంపెనీ 2023 మే 3వ తేదీన ఎగురుట మానినది. దానికి నాలుగేండ్లముందు, 2019 ఏప్రిలు 17న, జెట్ ఎయిర్‌వేస్ ఆగినది. అప్పటికి రోగము పేరు కూడ ఎవరును వినలేదు. ఈ కొలువు రోగమువలన మాత్రమే ఊగునది కాదు. అప్పులవలనను ఊగును, చమురు ధరవలనను ఊగును.

2024 మే నెలలో ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ పరిచారకులు వందమందికి పైగా ఒకే రాత్రి జబ్బుసెలవు పెట్టిరి. కంపెనీల విలీనములో తమ జీతభత్యములు, హోదాలు తారుమారైనవని వారి ఫిర్యాదు. విమానములు పదులకొలదిగా రద్దయినవి. గల్ఫునకు పోవలసిన కూలీలు, సెలవు ముగిసి పనిలో చేరవలసినవారు విమానాశ్రయములలో చిక్కుకొనిరి. కంపెనీ సుమారు 25 మందిని తొలగించినది. 9వ తేదీన ఢిల్లీలో కార్మికశాఖ అధికారి యెదుట ఉభయపక్షములవారును కూర్చుండిరి. తొలగింపు ఉత్తర్వులు రద్దయినవి. సిబ్బంది ఆరోగ్యపత్రములు చూపి మరల విమానములెక్కిరి.